ఎకరాకు ఆరు వేలు సరే, తడి చెత్త సంగతేంది?

పై వీడియోలో కంపోస్టు గుంతలోంచి నేను ఏరుతున్న పాల ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు చూసే ఉంటారు. అది నాచారంలో ఒక అపార్ట్‌మెంట్ నుంచి తెచ్చిన 'తడి చెత్త'. ఒక్క ట్రాలీ ఏరడానికి ఇద్దరికి పొద్దంతా పట్టింది. కూలి లెక్కేస్తే పశువుల ఎరువు కొనుక్కోవడమే నయమనిపించింది.

"రైతు భరోసా పెంచితే ఇవన్నీ ఎందుకన్నా?" అని కొందరు ఫోన్ చేసి అడుగుతున్నారు. పెంచితే వద్దంటానా? 2018లో రైతు బంధు సీజనుకు ఎకరానికి 4 వేలతో మొదలైంది. 2025 జనవరి నుంచి రైతు భరోసా పేరుతో 6 వేలైంది. నాకూ పడ్డయి. కానీ అవి పట్టా ఉన్నోళ్ల ఖాతాలకే. మా పక్క చేను కౌలుకు చేసే అన్నకు రూపాయి రాలేదు, నాకంటే ఎక్కువ కష్టం ఆయనదే. ఇక యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు వస్తుందంటే, మిగతా ఖరీదు సర్కారు భరిస్తున్నట్టే. ఆ బస్తా ముట్టని మనకు ఆ సబ్సిడీలో వాటా ఏదీ?

అందుకే నా చూపు ఆస్తి పన్ను మీద పడింది. నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో ఆ పన్ను ఐలా వసూలు చేస్తుంది. 35 శాతం స్థానిక సంస్థకు ఇచ్చి, మిగతాది ఆ వాడ రోడ్లకు, డ్రైనేజీకి పెట్టుకోవాలి. ఎక్కడి పైసలు అక్కడ పెట్టే పద్ధతి ఫ్యాక్టరీలకు ఉంది గదా, గోడ అవతలి కాలనీలకు ఎందుకుండదు? 15వ ఆర్థిక సంఘం కూడా 2021-26కి పెద్ద నగరాల గ్రాంటును గాలి నాణ్యతతో పాటు తాగునీరు, చెత్త నిర్వహణకే ముడిపెట్టింది. అంటే ఈ పనికి పైసల దారి కొత్తగా వేయాల్సిన పని లేదు.

ఏప్రిల్‌లోనే పన్ను కట్టినోళ్లకు 5 శాతం తగ్గిస్తున్నారు. తడి, పొడి వేరు చేసి ఇచ్చే అపార్ట్‌మెంట్లకు ఇంకో 5 శాతం తగ్గించమంటున్నా. కార్పొరేషన్‌కు ఆదాయం పడిపోతుందంటారేమో. జవహర్‌నగర్ దాకా లారీలో మోసే బరువు తగ్గుతుంది, ఆ డీజిల్ కూడా లెక్కలో వేసుకోవాలె. పైగా మనకు ఎరువు దొరుకుతుంది, పట్టా ఉన్నా లేకున్నా.

మీ వార్డు ఆఫీసులో ఈ మాట ఒకసారి అడిగి చూడండి. ఏమన్నారో కింద రాయండి. వచ్చే వీడియోలో మా వార్డు వాళ్లు ఏమన్నారో నేనూ చెప్తా.