సంగీతమున గ్రంథమునకు వెలి యేల?

మన దేశమున నొక వాదము చిరకాలముగా చెల్లుచున్నది. కీర్తన పుస్తకమువలన కొంత వచ్చునేమో గాని మనోధర్మము మాత్రము గురుముఖముననే రావలెననియు, రాగాలాపనము, నెరవు, కల్పనస్వరము, ప్రక్కవాద్యపు మెలకువ యనునవి కాగితమున కెక్కవనియు దాని సారాంశము. విద్వాంసులీ మాట చెప్పుదురు. వినినవారు తల యూపుదురు. పిల్లకు సంగీతము చెప్పింపగోరియు గురువు దొరకని తల్లిదండ్రులు నిట్టూర్చి యూరకుందురు. ఈ వాదము సగము సత్యము. సగము సత్యమగుటచేతనే మిక్కిలి హాని చేయుచున్నది. మేము గాయకులము కాము, బడిపంతులము. అయినను, ఒక విద్య యెట్లు చెప్పబడుచున్నదో, ఎవరికి చెప్పబడకున్నదో విచారించుట బడిపంతుల పనియే కదా.

ఈ వాదులు మొట్టమొదట శాస్త్రము నడ్డుపెట్టుదురు. పాణినీయ శిక్షయందు అధమ పాఠకులార్గురిలో వ్రాసినది చూచి చదువువాడొకడని చెప్పబడినమాట నిజమే. కాని యా యార్గురిలో తక్కినవారెవరు? అర్థ మెరుంగక చదువువాడొకడు, తల యాడించువాడొకడు, తొందరపడువాడొకడు. త్యాగరాజస్వామి తెనుగును ముక్కలుచేసి, అర్థము తెలియక పాడి, ద్రుతకాలమున పరుగెత్తి, తల యాడించి చప్పట్లు కొట్టించుకొనువారిపై ఈ శిక్షావచనము నెవ్వరును ప్రయోగింపరు! పుస్తకము ముందిడుకొని కూర్చున్న పేదపిల్లపై మాత్రమే ప్రయోగింతురు. శాస్త్రమును గౌరవింతురేని మొత్తముగా గౌరవింపవలెను; లేదా దాని పేరెత్తకుండవలెను.

ఇక చరిత్ర చూతము. త్యాగరాజస్వామి కృతులు మనకు దక్కుటకు వాలాజాపేట వేంకటరమణ భాగవతారు మొదలగు శిష్యులు వ్రాసి యుంచిన ప్రతులు గొప్ప యాధారము. దీక్షితుల సంప్రదాయము నంతయు సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురమునుండి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'గా తెనుగు లిపిలో ప్రకటించిరి. ఇంటివారి విద్యను లోకమునకు విప్పి చూపుటయే గాక, గమకములకు గుర్తు లేర్పరచి, ఏ స్వర మెట్లు ఊగవలెనో, ఎట్లు జారవలెనో తెలియజేసిరి. అంతటితో నాగక 1905లో 'ప్రథమాభ్యాస పుస్తకము'ను గూడ వెలువరించిరి. గ్రంథమువలన విద్య చెడునని యా మహానుభావుడు తలచియుండినచో వార్ధక్యమున నింత శ్రమపడియుండునా?

'అది కృతుల మాట. మనోధర్మము వేరు' అందురు. మంచిది. మనోధర్మమే ప్రాణముగాగల మరియొక సంగీతమును చూతము. అమెరికా దేశమున న్యూ ఆర్లియన్సు నగరమున నల్లజాతివారి నడుమ 20వ శతాబ్దారంభమున రూపొందిన జాజ్ సంగీతము మన సంగీతమువలెనే చెవినుండి చెవికి వచ్చినది. ఒక పాట నాధారముగా గొని అప్పటికప్పుడు కల్పించి వాయించుట దాని జీవము. అచ్చటను పుస్తకమున నిది రాదనినవారు లేకపోలేదు. అయినను వారిలోని ఉపాధ్యాయులు వ్రాయుట మానలేదు. జార్జి రసెల్ 1953లో స్వరశ్రేణులకును స్వరకూటములకును గల సంబంధముపై సిద్ధాంతగ్రంథము ప్రకటించెను. మార్క్ లెవిన్ 1989లో పియానో వాయించువారికై జాజ్ మార్గమును వివరించుచు పెద్ద పుస్తకము వ్రాసెను.

ఆ పుస్తకములలో నేమున్నదో యొక చిన్న యుదాహరణముతో చూపుదుము. శంకరాభరణ స్వరములే తీసికొందము. రి మ ధ స యని యొక కూటము; ప ని రి మ యని రెండవది; స గ ప ని యని మూడవది. జాజ్ పాటలలో ఈ మూడింటి నడక యడుగడుగునను కనబడును. ప్రతి కూటమునందును దాని మొదటి స్వరమునుండి లెక్కింపగా మూడవదియు నేడవదియు దాని స్వభావమును తెలుపునవి. మొదటిదానిలో నవి మ, స. రెండవదానికి పోవునపుడు మ కదలదు. స ఒక్క మెట్టు దిగి ని యగును. మూడవదానికి పోవునపుడు ని కదలదు. మ ఒక్క మెట్టు దిగి గ యగును. బాసు వాద్యము మూలస్వరము నందీయుచుండగా, ప్రక్కవాద్యముగా పియానో వాయించువాడు ఈ రెండేసి స్వరములనే పట్టి, ఒక్కొక్క వ్రేలిని మాత్రమే కదల్చినచో పాట నిలుచును. ముఖ్యగాయకునికి చోటును మిగులును. ఇందు రహస్య మేమున్నది? పది పంక్తులలో ముగిసినది. దీనిని తానే కనుగొనవలెనన్న విద్యార్థికి సంవత్సరములు పట్టవచ్చును.

మన కల్పనస్వరమందును ఇట్లు చెప్పదగిన భాగము కలదు. ఆదితాళమున నక్షరమునకు నాలుగేసి చొప్పున ఆవర్తమునకు 32 మాత్రలు. ఎనిమిది మాత్రల పలుకును మూడు మారులు పాడి, నడుమ రెండు చోట్ల నాలుగేసి మాత్రలు విడిచినచో 24ను 8ని కలిసి 32 అగును. సమమున నారంభించిన ముక్తాయి సరిగా సమమునకే చేరును. పలుకు ఆరు మాత్రలైనచో, విరామము రెండైనచో, మొత్తము 22. కావున సమము దాటిన పది మాత్రలకు మొదలుపెట్టవలెను. నాలుగవ తరగతి బాలుడు చేయగల యీ లెక్కను మహామంత్రమువలె చెవిలో నూదువారిని చూచి నవ్వవలెనో యేడ్వవలెనో తెలియకున్నది.

అయితే పుస్తకము సర్వము చెప్పునా? చెప్పదు. తోడి గాంధారపు టూగు కాగితమున వినబడదు. జాజ్ లయలోని యూపును వినబడదు. గ్రంథవాదులమగు మేమీ మాట మొగమాటము లేక యొప్పుకొందుము. కాని యా లోటు తీర్చునది నాదము. గురువు పాదములు కావు. జేమీ ఏబర్సోల్డ్ అను నుపాధ్యాయుడు 1967 మొదలుకొని పుస్తకముతోపాటు గ్రామఫోను పలకను జతచేసి ప్రకటింప జొచ్చెను. అందు పియానో, బాసు, డ్రమ్ములు వినబడును. ముఖ్యవాద్యపు చోటు ఖాళీగా నుండును. ఆ చోటు విద్యార్థిది. ఒక ప్రక్క ధ్వనిని తగ్గించినచో పియానో మరుగగును. అప్పుడు ప్రక్కవాద్యము నేర్చువానికి చోటు దొరకును.

మన యెదుటనే మరియొక నిదర్శనము కలదు. పాలకొల్లున 1969లో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్‌గారికి గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు. ఆయనకు మాండొలిన్ వాయించుట రాదు. ఆయన పాడెడివారు, బాలుడు తంత్రులపై వెదకికొనెడివాడు. అట్లు నేర్చిన బాలుడు 1978లో మన గుడివాడ త్యాగరాజారాధనమున తొలి కచేరి చేసి, 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవమున వాయించెను. గురువుండెను గదా యందురా? ఉండెను, ఆ ఋణమును మేము తక్కువచేయము. కాని యా గురువిచ్చినది వ్రేళ్ల నడక కాదు, చెవి. వాద్యముపై త్రోవ విద్యార్థియే వేసికొనెను. చెవికి నాదమును, త్రోవకు గ్రంథమును అమర్చినచో ఎందరు బాలబాలికలు పైకి రారు?

బెజవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారివంటి గురువు దొరికిన శిష్యులు ధన్యులు. వారి శిష్యులగు బాలమురళీకృష్ణగారును 72 మేళకర్తలలో తాము రచించిన కృతులను 1952లో అచ్చువేయించిరే గాని దాచుకొనలేదు. గురువు దొరకని దివిసీమ పిల్ల యేమి కావలెను? వివాహమై యిల్లు కదలలేని కోడలేమి కావలెను? కులము చూచియో, బీదరికము చూచియో వాకిటనుండియే పంపివేయబడిన బాలుడేమి కావలెను? 1855లో కృష్ణ కానకట్ట ముగిసి కాలువలు పారకముందు నది నీరు పొలమున కెక్కుట యొడ్డువారి భాగ్యమే. కాలువ నది కాదు, నిజమే. కాని కాలువను నిందించి పొలములు ఎండబెట్టువాడు నదికి భక్తుడు కాడు.

ఇట్లనుటచేత అంగడిలో నమ్మెడి ప్రతి పుస్తకమును మేము మెచ్చినట్లు కాదు. కల్పనస్వరములను వ్రాసియిచ్చి వల్లెవేయించు పుస్తకములు కొన్ని మా చేతికి వచ్చినవి. వల్లెవేసినది కల్పన యెట్లగును? అది పిల్లచేత సభలో నబద్ధ మాడించుటయే. త్రోవ చూపు గ్రంథము వేరు, మోసుకొనిపోవు గ్రంథము వేరు.

కావున సంగీత కళాశాలలలోని యుపాధ్యాయులను మేము మూడు కోరుచున్నాము. రాగసంచారములు, నెరవు, స్వరకల్పన, ముక్తాయి లెక్కలు క్రమముగా బోధించు తెనుగు గ్రంథ మొకటి వ్రాయవలెను. ఫిడేలునకును మృదంగమునకును ప్రక్కవాద్య ధర్మమును, ఎప్పుడనుసరింపవలెనో, ఎప్పు డూరకుండవలెనో తెలుపు గ్రంథము వేరొకటి రావలెను. రెంటికిని శ్రుతితాళములతో, విద్యార్థికి చోటు విడిచిన ధ్వనిముద్రణములు జతపడవలెను. విద్య తెలిసినవారు వ్రాయకున్నచో తెలియనివారు వ్రాయుదురు, అమ్ముదురు, పిల్లలు కొందురు. ఆ దోషము పుస్తకముది కాదు, వ్రాయని పండితులది.