చవక యూరియా: లెక్క బస్తా ధర దగ్గర ఆపవద్దు

2025 ఖరీఫ్‌లో యూరియా కోసం సొసైటీల ముందు రైతులు తెల్లవారకముందే బారులు తీరారు. చాలాచోట్ల చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి ఎదురుచూశారు. సరఫరా సకాలంలో అందకపోవడం అందుకు పెద్ద కారణం. అయితే మనకు యూరియా మీదే ఇంత మొగ్గు ఎందుకన్నది కూడా ఆలోచించాలి.

రైతులకు తెలియక ఎక్కువ వేస్తున్నారని చాలామంది తేలిగ్గా అనేస్తారు. అసలు సంగతి ధరలో ఉంది. 2010 ఏప్రిల్ నుంచి భాస్వరం, పొటాష్ ఎరువులకు పోషకాల ఆధారిత సబ్సిడీ అమల్లోకి వచ్చింది. యూరియాను అందులో చేర్చలేదు. దాని గరిష్ఠ ధరను కేంద్రమే ఖరారు చేస్తోంది. అందువల్ల 45 కిలోల యూరియా బస్తా సుమారు 266 రూపాయలు, 50 కిలోల డీఏపీ బస్తా 1,350 రూపాయలు. కిలోకు చూస్తే యూరియా ఆరు రూపాయలు, డీఏపీ 27 రూపాయలు. చేతిలో డబ్బు తక్కువున్న రైతు దేనివైపు చూస్తాడో వేరే చెప్పనక్కర్లేదు.

రెండో కారణం, కంటికి కనిపించే ఫలితం. యూరియా చల్లిన వారం రోజుల్లో చేను పచ్చబడుతుంది. పొటాష్ చేసే మేలు అలా కనిపించదు. పక్క చేను నల్లగా ఉంటే మనకూ మరో బస్తా వేయాలనిపిస్తుంది.

మూడోది కౌలు. వచ్చే ఏడాది ఆ భూమి తనకు దక్కుతుందో లేదో తెలియని కౌలు రైతు పశువుల ఎరువుకు, పచ్చిరొట్టకు ఖర్చు పెట్టడానికి వెనకాడతాడు. అది అజ్ఞానం కాదు, తన పెట్టుబడికి తాను వేసుకున్న లెక్క.

నాలుగోది దొరకదన్న భయం. కొరత వార్త వినగానే అవసరానికి మించి కొంటాం. ఇంట్లో ఉన్న బస్తా చివరికి చేలోకే వెళ్తుంది.

మనం కిలోలు కాక బస్తాలు లెక్కపెడతామని ప్రభుత్వానికీ తెలుసు. 2018లో యూరియా బస్తాను 50 కిలోల నుంచి 45 కిలోలకు తగ్గించడం వెనుక వాడకం తగ్గుతుందన్న ఆలోచన కూడా ఉంది.

కానీ బస్తా మీద ఉన్న ధర అసలు ఖర్చు కాదు. నత్రజని ఎక్కువైతే వరి మెత్తబడి పడిపోతుంది. సుడిదోమ, ఆకుముడత, అగ్గితెగులు పెరుగుతాయి. 266 రూపాయల బస్తా వెనకాలే పురుగుమందు ఖర్చు, పిచికారీ కూలి వస్తాయి. ఈ ఖర్చు ఎరువుల బిల్లులో కనిపించదు కాబట్టే యూరియా చవకగా అనిపిస్తుంది.

అందుకే కొనేముందు పోషకాల లెక్క వేయండి. మీ ప్రాంతంలో వరికి ఎకరాకు 48 కిలోల నత్రజని సిఫారసు ఉందనుకుందాం. ఒక బస్తా డీఏపీ వేస్తే అందులోనే 9 కిలోల నత్రజని వస్తుంది. మిగిలిన 39 కిలోలకు 85 కిలోల యూరియా చాలు. అంటే రెండు బస్తాలు కూడా పూర్తిగా పట్టవు. మూడో బస్తా అనవసరం.

• యూరియాను ఒకేసారి వేయకండి. నాటేముందు దమ్ములో, దుబ్బు చేసే దశలో, అంకురం తొడిగే దశలో మూడు దఫాలుగా వేయండి.
• పైపాటుగా వేసేటప్పుడు నీరు తీసేసి బురద పదునులో చల్లండి. 36 నుంచి 48 గంటల తర్వాత నీరు పెట్టండి.
• పక్క చేను పచ్చదనం చూసి కాకుండా ఆకు రంగు పట్టికతో మీ పైరును చూసి నిర్ణయించుకోండి.
• భూసార పరీక్ష చేయించి, ఫలితం చూశాకే భాస్వరం, పొటాష్ మోతాదు తేల్చుకోండి.
• కౌలుకు ఇచ్చే రైతులు రెండు మూడేళ్లకు మాట ఇస్తే కౌలుదారు భూమికి సేంద్రియ ఎరువు వేయడానికి ముందుకొస్తాడు. దాని లాభం భూమి యజమానికీ మిగులుతుంది.

ధరల విధానం మన చేతుల్లో లేదు. ఎకరాకు ఎన్ని కిలోలు కావాలో కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.