నోటిమాటతో నిరాకరణ

బీమా కంపెనీలను అదుపు చేసే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉన్నది. అయినను ఆరోగ్యశ్రీ కార్డుతో ఆస్పత్రికి వెళ్లి వెనుదిరిగిన పేదవాని ఫిర్యాదు ఆ గడప తొక్కజాలదు.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఈ పథకం మొదలైనప్పుడు ప్రభుత్వం ప్రీమియం కట్టేది, బీమా కంపెనీ ఖర్చు భరించేది. తర్వాత క్రమంగా ఆ బాధ్యతను ప్రభుత్వ ట్రస్టు తన చేతిలోకి తీసుకున్నది. ట్రస్టు బీమా వ్యాపారం చేయదు, ఖజానా సొమ్ము చెల్లిస్తుంది. అందుచేత అది బీమా నియంత్రణకు వెలుపల ఉన్నది. ఇందులో మాకు పేచీ లేదు. కంపెనీ దివాలా తీయకుండా మూలధనం చూపమనడం న్యాయమే గాని, ఖజానాను అలా అడగడంలో అర్థం లేదు.

అయితే ఆ మినహాయింపు వెంట మరొకటి కూడా జారిపోయింది. పాలసీ కొనుక్కున్నవానికి క్లెయిము నిరాకరిస్తే కంపెనీ కారణం రాతపూర్వకంగా తెలపాలి. తృప్తి కలగకపోతే అతడు బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు, తీర్పుకు కంపెనీ కట్టుబడాలి. ఆరోగ్యశ్రీ లబ్ధిదారుకు ఆ అంబుడ్స్‌మన్ లేడు. ప్రభుత్వ యంత్రాంగంపై ఫిర్యాదును ఆ యంత్రాంగానికే చెప్పుకోవాలి.

మా బస్తీలోని ఒక వృద్ధురాలు గుండె చికిత్సకు వెళ్లింది. రేషన్ కార్డులో 'షేక్', ఆధార్‌లో 'షైక్'. ఆ ఒక్క అక్షరానికి మూడు రోజులు తిప్పి, కార్డు చెల్లదన్నారు. కాగితం మాత్రం ఇవ్వలేదు. కొడుకు అప్పు చేసి డబ్బు కట్టాడు. మన ఇళ్లలో ఇటువంటి అక్షరదోషం లేని కార్డులు ఎన్ని? గుమస్తాగిరీలో జీవితం గడిపినవాళ్లం గనుక మాకు తెలుసు: నోటితో అన్న 'లేదు' దస్త్రంలోకి ఎక్కదు, దస్త్రంలో లేనిదానిపై అప్పీలు ఉండదు.

తెలంగాణలో పరిమితి 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు పెంచారు. సంతోషమే. వాటితో పాటు, నిరాకరించిన ప్రతిసారీ కారణం, తేదీ, సంతకం గల కాగితం ఇవ్వాలి. ట్రస్టుకు లోబడని విచారణాధికారిని నియమించి, తీర్పుకు గడువు పెట్టాలి. ఇందుకు బీమా చట్టాన్ని ముట్టుకోనక్కరలేదు.

అంతవరకు సమాచార హక్కు చట్టం ఉన్నది. మామూలుగా 30 రోజుల గడువు గాని, ప్రాణానికి సంబంధించిన సమాచారం 48 గంటలలో ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు. ఆ కుటుంబం తరఫున మేము దరఖాస్తు రాసి పంపాము. ఏ తేదీన, ఏ అధికారి, ఏ నిబంధన ప్రకారం నిరాకరించారని అడిగాము.