రాకెట్టు ఎగరేసేది కాలేజీ పిల్లలు, పడేది రైతు చేనులో

(మా గ్రామీణ విలేకరి)

వరంగల్: ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఇంజనీరింగ్ చదువుకు లోటు లేదు. కాజీపేటలోని ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలకు 1959 అక్టోబరులో నాటి ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. దేశంలో ఆ కోవకు చెందిన కళాశాలల్లో ఇదే మొదటిది. 2002లో జాతీయ సాంకేతిక సంస్థగా పేరు మారినా, ఊళ్లలో పెద్దవారు నేటికీ ‘ఆర్‌ఈసీ’ అనే అంటున్నారు. యంత్రాలు, విద్యుత్తు, రసాయనాలు, లోహాలు ఇన్ని శాఖలు ఒకే ఆవరణలో ఉన్నచోట విద్యార్థులు రాకెట్టు తయారు చేయాలని ముచ్చటపడితే అందులో వింత లేదు. తెలివికి కరువు లేదు. దాన్ని ఎగరేయడానికి స్థలం ఎక్కడ అన్నదే అసలు సమస్య.

ఇక్కడ చెప్పేది దీపావళి తారాజువ్వ గురించి కాదు. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విద్యార్థులు 2019 ఏప్రిల్ 21న ఎగరేసిన రాకెట్టు 100 కిలోమీటర్ల ఎత్తు దాటి అంతరిక్షపు అంచును తాకింది. విద్యార్థుల రాకెట్టు అంత ఎత్తుకు పోవడం అదే ప్రథమం. అదే కళాశాల విద్యార్థులు 2024 అక్టోబరు 20న సుమారు 14 అడుగుల పొడవు, 150 కిలోల బరువు గల మరో రాకెట్టును 143 కిలోమీటర్ల ఎత్తుకు పంపారు. వరంగల్ నుంచి హైదరాబాదుకు రోడ్డు మీద ఎంత దూరమో, దాదాపు అంత దూరం నిట్టనిలువునా పోయిందన్నమాట.

రాకెట్టు మోటారు బలాన్ని ఆంగ్ల అక్షరాలతో కొలుస్తారు. ‘ఏ’ కన్న ‘బి’ రెట్టింపు, ‘బి’ కన్న ‘సి’ రెట్టింపు. ఇలా ఎనిమిదో అక్షరమైన ‘హెచ్’ దగ్గర పెద్ద రాకెట్ల తరగతి మొదలవుతుంది. గొట్టంలో ఉండే మందు నల్లమందు కాదు. అమ్మోనియం పెర్‌క్లోరేట్ అనే లవణాన్ని, అల్యూమినియం పొడిని రబ్బరు వంటి పదార్థంతో కలిపి గట్టిపరుస్తారు. శ్రీహరికోట నుంచి లేచే పెద్ద రాకెట్లలో ఘన ఇంధనం కూడా ఇటువంటిదే. కొసకు చేరగానే లోపలి పరికరం చిన్న గొడుగును విప్పుతుంది. నేల దగ్గరకు వచ్చాక పెద్ద గొడుగు తెరుచుకొని రాకెట్టును మెల్లగా దించుతుంది. గొడుగులు తెరుచుకోకపోతే పదిహేను కిలోల గొట్టం ఆకాశం నుంచి గునపంలా దిగబడుతుంది. పల్లెవాసులు గుర్తుపెట్టుకోవలసినది ఈ ముక్కే.

అమెరికాలో ఈ పని చేసేవారికి సంఘాలున్నాయి. చిన్న రాకెట్టుతో తన నేర్పు చూపినవారికే పెద్ద మోటారు చేతికిస్తారు. దీనికి మూడు మెట్లు ఉన్నాయి. అక్కడి భద్రతా నియమాలలో ఒకటి మనకు బాగా పనికివస్తుంది. రాకెట్టు ఎంత ఎత్తుకు పోతుందో అందులో సగమైనా మైదానం వెడల్పు ఉండాలి. పదివేల అడుగులు పోయే రాకెట్టుకు అయిదువేల అడుగుల మైదానం కావాలి. నలుచదరంగా లెక్కవేస్తే సుమారు 570 ఎకరాలు. రైతుకు తలా మూడెకరాలనుకున్నా అది 190 మంది భూమి! ఇక గాలి సంగతి. పదివేల అడుగుల ఎత్తు నుంచి పెద్ద గొడుగు మీదనే సెకనుకు అయిదు మీటర్ల చొప్పున దిగితే పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలలో మామూలు గాలి కూడా దాన్ని మూడు కిలోమీటర్ల అవతల, పక్క ఊరి పొలిమేరలో వదిలిపెట్టగలదు. రెండు గొడుగులు పెట్టేది ఇందుకే.

2024లో ఆ కాలిఫోర్నియా విద్యార్థులు రాకెట్టు ఎగరేసిన చోటు నెవాడా రాష్ట్రంలోని ఎడారి. మన చెరువు శికం వేసవిలో ఎండినట్లు ఎండి, కనుచూపు మేర మనిషి జాడ లేని నేల. అటువంటిది మన జిల్లాలో లేదు. హైదరాబాదులోని స్కైరూట్ అనే ప్రైవేటు కంపెనీ తయారు చేసిన విక్రమ్-ఎస్ రాకెట్టు 2022 నవంబరు 18న 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పోయింది. దాన్ని తయారు చేసింది హైదరాబాదులోనే అయినా, ఎగరేయడానికి శ్రీహరికోట సముద్రపు ఒడ్డుకు తీసుకుపోక తప్పలేదు. ఆ శ్రీహరికోట కోసం కూడా అప్పట్లో దీవిలోని పల్లెలు ఖాళీ అయినాయన్న సంగతి మరువరాదు.

మన రాష్ట్రాల విద్యార్థులు ఇదివరకు సాధించింది కూడా తక్కువేమీ కాదు. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలకు చెందిన ఏడు ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులు కలిసి కిలో బరువు కూడా లేని ‘స్టూడ్‌శాట్’ అనే ఉపగ్రహం తయారు చేయగా, 2010 జూలై 12న ఇస్రో దాన్ని కక్ష్యలో పెట్టింది. అయితే ఉపగ్రహాన్ని గదిలో కూర్చొని తయారు చేయవచ్చు. రాకెట్టు పని బయట, అందరి నెత్తిమీద.

మందు విషయంలో చట్టం గట్టిగానే ఉన్నది. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ఇప్పటికీ అమలులో ఉన్నది. బావిలో తోటా పేల్చాలన్నా లైసెన్సు అడిగే ఈ దేశంలో కిలోలకొద్దీ రాకెట్టు మందును హాస్టలు గదిలో కలుపుకోమని ఎవరూ అనరు. అనకూడదు కూడా. 2025 ఏప్రిల్ 29న యాదాద్రి భువనగిరి జిల్లా మోటకొండూరు మండలంలోని పేలుడు పదార్థాల కర్మాగారంలో ప్రమాదం జరిగి కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఏళ్ల తరబడి అదే పనిలో ఉన్నచోటే అట్లా జరిగితే ఫోనులో వీడియో చూసి కలుపుకునేవారి గతి ఏమిటి? విద్యార్థులు గొట్టం, పరికరాలు, గొడుగులు తయారు చేసుకొని, మోటారు మాత్రం లైసెన్సు ఉన్న చోటునుంచి తెచ్చుకోవడమే మేలని ఈ విలేకరి అభిప్రాయం.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. ప్రైవేటువారి అంతరిక్ష కార్యక్రమాలకు అనుమతులిచ్చేందుకు 2020లో ఏర్పడిన ‘ఇన్‌స్పేస్’ అనే కేంద్ర సంస్థ 2025లో ఉత్తరప్రదేశ్‌లోని కుషీనగర్ జిల్లాలో విద్యార్థులకు రాకెట్ల పోటీ పెట్టింది. అంతకుముందు అదే సంవత్సరం జూన్‌లో అక్కడ ప్రయోగాత్మకంగా ఎగరేసిన రాకెట్టు కిలోమీటరు ఎత్తు దాటింది. అదీ పల్లెల ప్రాంతమే. మన పిల్లలు పోటీకి అంత దూరం పోవలసి వస్తున్నది. ఇక్కడే ఒక మైదానం చూపితే నేర్చుకునే వీలు పెరుగుతుంది.

అయితే మైదానం చూపేముందు పల్లెను అడగాలి. ఆకాశం నుంచి వస్తువులు పడడం మన జిల్లాకు కొత్త కాదు. హైదరాబాదు ఈసీఐఎల్ వద్ద నుంచి టాటా పరిశోధనా సంస్థవారు దశాబ్దాలుగా పెద్ద బెలూన్లు వదులుతున్నారు. వాటి పరికరాలు గొడుగుల మీద దిగే అవకాశమున్న జిల్లాలలో వరంగల్ కూడా ఒకటని వారే ప్రకటనలు ఇస్తున్నారు. పెట్టె మీద చిరునామా, ఫోను నెంబరు ఉంటాయి. ముట్టుకోకుండా కబురు చేసినవారికి బహుమతి, ఖర్చులు ఇస్తారు. ఇది మంచి పద్ధతి. అయినా 2022 డిసెంబరు 7న వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్లలో స్పెయిన్ దేశపు కంపెనీవారి పెద్ద గోళం చేనులో దిగినప్పుడు జనం విరగబడి చూశారు. అది బెలూన్ ప్రయోగమని తెలిసేదాకా అందరికీ గాభరాయే. ప్రకటన పత్రికలో వేస్తే సరిపోదు, ఊరిలో చాటింపు కావాలి.

నష్టం సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. ఈ విలేకరి చిన్నప్పుడు ఒక తారాజువ్వ వచ్చి గడ్డివాము మీద పడింది. ఆ ఏడాది మా ఎడ్లకు మేత కొనవలసి వచ్చింది. జువ్వ ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కల్లాల్లో మిర్చి ఎండుతుంటుంది. ఎనుమాముల మార్కెట్టుకు పోవలసిన ఆ పంట మీద మండుతున్న గొట్టం పడితే రైతు ఏ కాలేజీ గేటు దగ్గర నిలబడాలి? ప్రిన్సిపాలు గారి దగ్గరకా, తహసీల్దారు దగ్గరకా? రాకెట్టు మీద కాలేజీ పేరు, నెంబరు రాయాలి. పడే నష్టానికి భీమా ఉండాలి. గ్రామసభలో తేదీ చెప్పి ఒప్పించాలి. ఆ ఊరి బడి పిల్లలను సురక్షితమైన దూరంలో కూర్చోబెట్టి చూపించాలి. ఇవేమీ పెద్ద ఖర్చు పనులు కావు.

ఇదిలా ఉండగా మామునూరు విమానాశ్రయం పునరుద్ధరణకు 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. విమానాలు తిరగడం మొదలైతే నగరం చుట్టుపక్కల ఆకాశంలోకి రాకెట్టు పంపడం మరింత కష్టమవుతుంది. అందుచేత నగరానికి బాగా ఎడంగా, అడవి అంటుకోని చోట, కరెంటు తీగెలు లేని చోట వెదకాలి. వానాకాలంలో నేలంతా వరి, పత్తి. యాసంగి కోతలు ముగిసి, ధాన్యం కొనుగోలు కేంద్రాలకు చేరి, మృగశిర కార్తె రాకముందు మే నెలలో మూడు నాలుగు వారాలు మాత్రమే పొలాలు ఖాళీగా ఉంటాయి. ఆ రోజుల్లో రాకెట్టు నిలిపే చోట ఎండుగడ్డిని బాగా దూరం చెక్కివేయాలి. గాలి దుమారాలకు కూడా అదే అదను కనుక పొద్దున్నే పని ముగించుకోవాలి. మరి కాలేజీకి సెలవులు వచ్చేది కూడా ఆ నెలలోనే.