బొమ్మ బాగున్నదన్న చాలునా?

మన యువకులు కొందరు అంతర్జాలములో తెలుగు బొమ్మల కథలు వెలువరించుచున్నారు. సంతోషమే. కాని వాటిపై వచ్చు సమీక్షలు బొమ్మను మెచ్చుకొని ముగియుచున్నవి. అక్షరము నెవరును చూచుట లేదు.

దక్షిణ కొరియాలో నేవర్ సంస్థ 2004లో ఆరంభించిన వెబ్‌టూన్లే వీరికి మేలుబంతి. బొమ్మలు పైనుండి క్రిందికి జరుగును. చేతిఫోనుకు అది అనువే. అయితే మన లిపికి వత్తులున్నవి. మాటల బుడగ ఇరుకైనచో పై వరుస వత్తు క్రింది వరుస గుడిని తాకును. హోసూరులోనో, బరంపురములోనో ఇంట తెలుగు మాటాడుచు బడిలో వేరు లిపి నేర్చు బిడ్డ అచ్చటనే ఆగును. బొమ్మలు చూచి, మాటలు విడిచి ముందుకు పోవును.

సమీక్షకులారా, ఆ కథను ముందొక పదేండ్ల బిడ్డ చేతికిచ్చి, ఎచ్చట తడబడెనో వ్రాయుడని మా మనవి. బొమ్మల పొగడ్త తరువాత.