సిస్టరమ్మ చేతిలో ట్యాబ్ ఉంది, సమయమే లేదు

ఇటీవల బసంత్‌నగర్‌లో ఒక ఇంటి ప్రార్థన ముగిశాక ఒక సహోదరి మాతో కాసేపు మాట్లాడారు. ఇరవై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేస్తున్నారు. పేరు రాయవద్దన్నారు. "అయ్యగారూ, మా దగ్గరికి కంప్యూటర్లు వచ్చినయి, మిషన్లు వచ్చినయి. మంచిదే. కానీ పేషెంట్ పక్కన రెండు నిమిషాలు నిలబడే టైం మాత్రం పోయింది" అన్నారు. ఆ మాటను ఒక మనిషి అలసటగా తీసుకుని వదిలేయలేకపోయాం.

ఈ ప్రాంతం సంగతి పాఠకులకు తెలిసిందే. ఒకవైపు సింగరేణి గనులు, మరోవైపు ఎన్టీపీసీ పొగగొట్టాలు, బసంత్‌నగర్‌లో సిమెంట్ ఫ్యాక్టరీ. మధ్యలో రాత్రింబగళ్లు లారీలతో నిండే రాజీవ్ రహదారి. దుమ్ముతో వచ్చే దగ్గు, ఆయాసం, రోడ్డు ప్రమాదాలు ఇక్కడి ఆసుపత్రులకు రోజువారీ పని. 2022లో రామగుండానికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. సంతోషించాల్సిన విషయమే. అయితే డాక్టరు రౌండ్‌కు వచ్చి వెళ్తారు. మిగిలిన గంటలన్నీ రోగి పక్కన ఉండేది నర్సే. కొత్త భవనాల గురించి మాట్లాడినంతగా ఆమె గురించి మాట్లాడుతున్నామా?

సాంకేతికతకు ఆ సహోదరి వ్యతిరేకి కారు. ఏఎన్ఎంల చేతికి ట్యాబ్ ఇచ్చిన అన్‌మోల్, దూరం నుంచే డాక్టరును చూపించే ఈ-సంజీవని, 2021లో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ మేలు చేయడానికి వచ్చినవే. చీటీ పోగొట్టుకుని వచ్చిన బీపీ రోగి పాత లెక్కలు ఫోన్‌లో కనబడితే ప్రాణం నిలుస్తుంది. ఆమె బాధ వేరు. "ట్యాబ్‌లో ఎక్కించాలె, రిజిస్టర్‌లో రాయాలె. నెట్ రాకుంటే ఇంటికి పోయి రాత్రి ఎక్కించాలె" అన్నారు. పని తగ్గించడానికి వచ్చిన పరికరం పాత పనిని తీసేయకుండా దానిపైనే కూర్చుంటే, పోయేది రోగికి చెందాల్సిన సమయం.

లెక్కలు రాయడం నర్సు పని కాదని మేము అనడం లేదు. ఫ్లోరెన్స్ నైటింగేల్‌ను మనం దీపంతో గుర్తుంచుకుంటాం కానీ, ఆమె లెక్కల మనిషి కూడా. క్రిమియా యుద్ధంలో గాయాలకంటే నివారించగల జబ్బులతోనే ఎక్కువమంది సైనికులు చనిపోయారని 1858లో బొమ్మలు గీసి మరీ చూపించారు. ఆ లెక్క పాలకులను కదిలించింది. ఇప్పుడు మన నర్సులు రాత్రి పన్నెండింటికి ఎక్కిస్తున్న లెక్కల వల్ల ఏ వార్డులో ఏం మారిందో వారికి ఎవరైనా తిరిగి చెబుతున్నారా?

ఇక చదువు. జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. సర్టిఫికెట్ ఉంటుంది కానీ, తగినంతమంది రోగులున్న ఆసుపత్రిలో చేయి తిరగకుండానే కొందరు బయటికి వస్తున్నారని ఆమె ఆవేదన. ఆమె చెప్పిన ఉదాహరణ మా మనసులో నిలిచిపోయింది. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ చేతులు చల్లబడినా, గోళ్లరంగు ఉన్నా తప్పు చూపవచ్చు. మంటల్లోనో గనిలోనో కార్బన్ మోనాక్సైడ్ పీల్చినవాడికి అదే మిషన్ 98 చూపవచ్చు, మనిషి మాత్రం చనిపోతుంటాడు. ఆ తేడా మామూలు ఆక్సీమీటరుకు తెలియదు. బొగ్గు ప్రాంతంలో పనిచేసే నర్సుకు తెలిసి ఉండాలి. మిషన్ పెరిగిన కొద్దీ దాన్ని నమ్మకూడని వేళ ఏదో తెలిసిన మనిషి అవసరం పెరుగుతుంది.

అలాంటి మనిషికి మనం ఇస్తున్నదేమిటి? సుప్రీంకోర్టు 2016 ఆదేశం మేరకు కేంద్రం వేసిన కమిటీ, 50 పడకలలోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. ఆమెకు తెలిసిన అమ్మాయిల్లో చాలామందికి అందులో సగం కూడా చేతికి రావడం లేదట. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు కొత్త నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం ఆమోదించింది. చట్టం కాగితం మీద మారితే చాలదు, జీతం చీటీలో కనబడాలి. ప్రపంచంలో 2023 నాటికి 58 లక్షల మంది నర్సులు తక్కువగా ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. జర్మనీ, బ్రిటన్ పిలుస్తుంటే మన పిల్లలు వెళ్తున్నారు. వెళ్లినవారిని తప్పుపట్టే హక్కు, ఉన్నవారిని నిలుపుకోలేని మనకు లేదు.

ఈ వేలు మనవైపు కూడా తిరగాలి. వెల్లూరులో ఐడా స్కడర్ 1909లో నర్సుల శిక్షణ మొదలుపెట్టారు, 1946లో అది డిగ్రీ స్థాయికి చేరింది. ఆ చరిత్ర చెప్పుకుని గర్వపడతాం. తెలుగు సంఘాల్లో ఎన్నో కుటుంబాలు నర్సు కూతురి జీతంతో నిలబడ్డాయి. అయినా మే 12న శాలువా కప్పి ఫొటో దిగడంతో మన బాధ్యత తీరిందనుకుంటున్నాం. క్రైస్తవులు నడిపే ఆసుపత్రులు, నర్సింగ్ కళాశాలలు ముందుగా తమ జీతాల పట్టికను, తమ విద్యార్థులు నిజంగా గడిపే వార్డు గంటలను తీసి చూసుకోవాలి. అధికారులను మేము కోరేది రెండే: ట్యాబ్ ఇచ్చిన చోట రిజిస్టర్ తీసేయండి. కొత్త మిషన్ కొన్న ప్రతిసారీ దాన్ని వాడే నర్సుకు డ్యూటీ వేళల్లోనే శిక్షణ ఇవ్వండి.

మంచి సమరయుని కథలో గాయపడినవాణ్ణి సత్రం దాకా తెచ్చినవాణ్ణే మనం మెచ్చుకుంటాం. అతడు వెళ్లిపోయాక ఆ రోగిని చూసుకున్న సత్రపువాణ్ణి తలచుకోం. సమరయుడు మాత్రం తలచుకున్నాడు. చేతిలో డబ్బు పెట్టి, ఎక్కువైతే తిరిగి వచ్చి ఇస్తానన్నాడు. చూసుకునేవారి ఖర్చును కూడా లెక్కలో వేశాడు. మనం వేయనిది ఆ లెక్కే.