జైలు గేటు దాటాక దిక్కెవరు?

జైలు నుంచి మనోడు ఇంటికొస్తే పేటలో రెండే మాటలు. 'తాగుబోతోడు మళ్లీ దిగాడు', 'పిచ్చెక్కి వచ్చాడు'. 'జబ్బుతో వచ్చాడు, వైద్యం కావాలి' అనే మూడో మాట మన నోటా రాదు, సర్కారు నోటా రాదు. ఆ మాట కోసమే ఇది రాస్తున్నాం.

దేశ జనాభాలో దళితులం ఆరుగురిలో ఒకరం. జైళ్లలో అయిదుగురిలో ఒకరం. ఖైదీల్లో నలుగురికి దాదాపు ముగ్గురు ఇంకా శిక్ష పడనోళ్లే.

రోజూ తాగేవాడిని ఒక్కసారిగా లోపలేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, లేనివి కనబడతాయి. అది నటన కాదు, ప్రాణం తీసే జబ్బు. మత్తు ఇంజక్షన్లు మరిగినోడికి విడుదలయ్యాక ఇంకో గండం. ఒంట్లో తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది, పాత మోతాదే చంపేస్తుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో లెక్క కట్టి 2007లో ప్రకటించారు: విడుదలైన మొదటి రెండు వారాల్లో చావు ముప్పు మిగతా జనం కంటే 12 రెట్లకు పైనే.

మనకు చట్టం లేదా? ఉంది. మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులనూ జబ్బుగానే లెక్కేసింది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు తర్వాతి వైద్యం సంగతి రోగితో మాట్లాడాలంది. ఆసుపత్రి గుమ్మానికున్న నియమం జైలు గేటుకు ఎందుకు లేదు? జైళ్లలో మానసిక ఆరోగ్య కేంద్రం రాష్ట్రానికి కనీసం ఒకటి ఉండాలంది. ఒక్కటి! గాంధీనగర్ జైలు నుంచి పటమట వచ్చే కుర్రాడికి దాంతో ఒరిగేదేంటి?

పటమటకు ఈ పని కొత్త కాదు. ఇక్కడి నాస్తిక కేంద్రం నుంచే లవణం, మన జాషువా కూతురు హేమలత 1970లలో స్టువర్టుపురం వెళ్లారు. తెల్లదొరలు 'నేరస్థ తెగ' అని ముద్రేసిన ఎరుకల కుటుంబాల మధ్య పనిచేశారు. ఆ చట్టం 1952లో రద్దయింది, ముద్ర మాత్రం చెరగలేదు. వాళ్లు గడప తొక్కిన చోటికి సర్కారు రాలేదా?

మేం అడిగేది ఇదీ:

విడుదల రోజే మందులు, వైద్యం కాగితాలు, పెద్దాసుపత్రి మానసిక వైద్యుణ్ణి కలిసే తేదీ చేతికివ్వాలి.

మొదటి రెండు వారాలు ఇంటికి ఆరోగ్య కార్యకర్త రావాలి, పోలీసు కాదు.

విడుదలయ్యాక చనిపోయినోళ్ల లెక్క ఏటా బయటపెట్టాలి.

మనవాళ్లకూ ఒక మాట. జబ్బు మనిషిని గొలుసులతో కట్టొద్దు, భూతవైద్యుల చుట్టూ తిప్పొద్దు. 14416కు ఫోన్ చేయండి. టెలీ-మానస్, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. కోర్టు వేయని శిక్ష పేట వేయొద్దు!